తాళాలు లేని ఊరు

లోపలినుంచి తలుపు బాదుతున్న చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. తీయడానికి మాత్రం ఎవరూ రాలేదు.

పుస్తకాలు కుట్టి అట్టలు వేసే కార్ఖానా అది. పొద్దున ఆడవాళ్ళంతా లోపలికి వెళ్ళగానే మేస్త్రీ బయటినుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకునేవాడు. కాగితం దొంగతనం జరగకుండా ఉండాలని యజమాని ఆజ్ఞ. ఆ రోజు మేస్త్రీ భోజనానికి వెళ్ళాక, కాగితాలు మడతపెట్టే నిండు చూలాలు కడుపు పట్టుకుని కూలబడింది. తోటివాళ్ళు అరిచారు, కిటికీ ఊచలు పట్టుకుని గుంజారు. మేస్త్రీ తీరిగ్గా పళ్ళు కుట్టుకుంటూ వచ్చేసరికి నేల మీది కాగితాలన్నీ నెత్తురులో తడిసిపోయాయి.

తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. మర్నాడు మళ్ళీ తాళం పడింది.

ఆ తాళం చప్పుడు లోపలున్న జిగురక్క చెవిన పడింది. అట్టలకు జిగురు పూస్తుంది కనుక ఆమెకు ఆ పేరు. తలుపు బాదిన అరచేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి. అయినా వెళ్ళి జిగురు గిన్నె ముందు కూర్చుంది. ఇంట్లో మొగుడు మంచాన పడ్డాడు. ఈ పని కూడా పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

అప్పుడు వాళ్ళు కుడుతున్నది ఒక నవల. రాబోయే కాలంలో ఒక ఊరు ఎంత సుఖంగా ఉంటుందో ఊహించి రాసింది. కుట్టు మిషను మీద పనిచేసే ఒక పడుచుపిల్ల అన్నాల వేళ దాన్ని పైకి చదివేది. అందరూ ఆమెను చదువరి అనేవాళ్ళు. అచ్చయిన కాగితాలు ముందువెనకలుగా వచ్చేవి, ఏ వరసలో వస్తే ఆ వరసలోనే చదవాలి. అందుకని ఆ నవల్లో ఒక ముసలమ్మ ఒకరోజు చచ్చిపోయి, మర్నాడు పెళ్ళి చేసుకునేది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

తాళం మళ్ళీ పడిన ఆ రోజు చదివిన ముక్కకు ఎవరూ నవ్వలేదు. ఆ ఊళ్ళో యజమానులు లేరు. పని అందరిదీ, ఫలం అందరిదీ. పనిశాలలకు తాళాలే లేవు.

"అంతా బానే ఉంది గానీ, ఆ ఊళ్ళో మురుగు ఎవరెత్తుతారే?" అంది కుట్టు పిన్ని. కార్ఖానాలో అందరికన్నా పెద్దది, దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. "మంచాన పడ్డవాళ్ళకి ఒళ్ళెవరు తుడుస్తారు? అది రాశాడా ఆయన?"

"రాయలేదు పిన్నీ," అంది చదువరి.

"అయితే ఏ ఆడదాన్నీ అడక్కుండా రాసుంటాడు."

"వంతులేసుకుందాం," అంది మూలనుంచి ఒకామె.

"మగాళ్ళు కూడానా?"

"మొదటి వంతు వాళ్ళదే!"

చదువరి కాగితాలు పక్కన పెట్టి లేచి నిలబడింది. "అంత ఊరు కట్టాలంటే ఎన్ని తరాలు పడుతుందో నాకు తెలీదు. కానీ ఈ తాళం తీయించడానికి ఎవరి తరం వచ్చేదాకా కాచుక్కూచుందాం?"

తలుపు అవతల మేస్త్రీ దగ్గాడు. జిగురక్క చదువరి కొంగు పట్టుకుని లాగింది. "మెల్లగా మాట్లాడవే తల్లీ, వింటాడు."

"విననీ అక్కా. తాళం వెయ్యనని చెప్పేదాకా రేపు ఎవరం గడప దాటొద్దు."

"పోలీసుల్ని పిలుస్తాడే."

"పిలుస్తాడు. నాకూ భయమే. ఈ ముక్క చెప్పడానికే పొద్దుట్నుంచీ నాలుక పిడచకట్టుకుపోయింది."

చేతులు ఒక్కొక్కటే లేచాయి. జిగురక్కది అందరికన్నా ఆఖర్న లేచింది. అదీ భుజం దాకానే.

మర్నాడు చదువరి రాలేదు. పనివాళ్ళను రెచ్చగొడుతోందని యజమాని ఫిర్యాదు చేసి ఆమెను ఇంటి దగ్గరే పోలీసులకు పట్టించాడని పక్కింటివాళ్ళు చెప్పారు. మేస్త్రీ తాళంకప్ప ఊపుకుంటూ తలుపు పక్కన నిలబడ్డాడు.

"ఏంటే చూస్తున్నారు? మీ చదువరి ఇప్పుడు స్టేషన్లో చదువుకుంటోంది. నడవండి లోపలికి!"

వెనకున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. దాంతో జిగురక్క ఒక్కతే ముందు మిగిలిపోయింది.

"నిన్నేనే! నడు!"

నడుద్దామనే గడప మీద కాలు పెట్టింది. లోపల, కడిగినా పోని మరక కనిపించింది. మోకాళ్ళలో సత్తువంతా జారిపోయి, గడప మీదే చతికిలబడింది. లేద్దామనుకుంది. నిజంగానే లేద్దామనుకుంది. కాళ్ళు మాట వినలేదు.

ఆ సంగతి వెనకవాళ్ళకేం తెలుసు? "అక్క కూచుంది," అంది ఒకామె. "అక్క కూచుంది," అని ఆ మాట వరస చివరిదాకా పాకింది. కుట్టు పిన్ని నడుం పట్టుకుని మూలుగుతూ వచ్చి పక్కన కూర్చుంది. ఆ వెనక అందరూ కూర్చున్నారు.

"పిన్నీ, నేను కావాలని కూచోలేదు. కాళ్ళు పడిపోయాయి," అని గొణిగింది జిగురక్క.

"నావి నిన్నట్నుంచే పడిపోయున్నాయిలే. కదలకు."

యజమాని వచ్చి అందరినీ పనిలోంచి పీకేస్తానన్నాడు. ఎవరూ లేవలేదు. పోలీసులొచ్చి నాయకురాలెవరని అడిగారు. మేస్త్రీ వేలు జిగురక్క వైపు చూపించింది. సొంత ఇంట్లో కూడా ఎన్నడూ గొంతెత్తి ఎరగని మనిషి ఆమె. ఒక పోలీసు ఆమె జబ్బ పట్టుకుని లేపాడు.

"ఏం కావాలే నీకు?"

జిగురక్క నేలకేసి చూస్తూ అంది. "తాళం... వెయ్యొద్దు."

"వినపళ్ళేదు!" అని వెక్కిరించాడు.

"తాళం వెయ్యొద్దు! లోపల మనుషులున్నారు!"

అది తన గొంతేనా అని ఆమే బెదిరిపోయింది. అప్పటికే ఆ మాటను కుట్టు పిన్ని అందుకుంది. తర్వాత అందరూ అందుకున్నారు.

పోలీసులు జిగురక్కను ఈడ్చుకెళ్ళి పడేసిన స్టేషను గదిలో చదువరి గోడకు చేరగిలబడి ఉంది. పెదవి చిట్లి వాచింది. "నువ్వెందుకొచ్చావక్కా?"

"తెలీదే. భయమేస్తోంది," అంటూ జిగురక్క ఆమెను పొదివి పట్టుకుంది.

"నాకూనూ."

ఇద్దరూ ఒకరి వణుకు ఒకరికి తెలిసేలా కూర్చున్నారు. అంతలో వీధిలోంచి కేకలు దగ్గరయ్యాయి. ఆడగొంతులే అనుకుంది జిగురక్క. చెవులు రిక్కిస్తే మగగొంతులూ ఉన్నాయి.

"ఎవరే వాళ్ళు?"

"వెనక వీధి అట్టపెట్టెల షెడ్డువాళ్ళు," అంది చదువరి, కిటికీలోంచి చూస్తూ. "వాళ్ళనీ లోపల పెట్టి తాళం వేసే పని చేయించుకుంటారు."

"లోపల మనుషులున్నారు!" అని బయట జనం అరిచారు. లాఠీలు నేలకు తాటిస్తున్న చప్పుడు. ఎవరిదో ఏడుపు. మళ్ళీ అదే కేక, ఇంకా గట్టిగా.

జిగురక్క కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతూనే లేచింది. కిటికీ ఊచలు పట్టుకుని, గొంతు చీరుకుపోయేలా జవాబిచ్చింది.

"ఉన్నాం!"