మొదటి చెంబు

సీతారామాంజనేయులుగారికి తాడేపల్లిగూడెంలో రెండు గర్వాలు. ఒకటి ఇంటిపేరు, రెండోది ఇంటి గొట్టం. తాతగారు మద్రాసు నుంచి సీసం గొట్టం తెప్పించి వీధి కుళాయి నీళ్లను వంటింటి దాకా లాగించారట. వీధిలో ఇనుప గొట్టాలన్నీ తుప్పు పట్టి పోయినా అది మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ వంటింటి కుళాయికి మడి కూడా ఉంది. తెల్లవారుతూనే, ఇంకెవరి చెయ్యీ పడకముందే, ఆయన తడిబట్టతో వెళ్లి మొదటి చెంబు పడతారు. రాత్రంతా ఎవరూ తాకకుండా గొట్టంలో నిద్రపోయిన నీళ్లకంటే పవిత్రమైనవి ఏముంటాయి? అవి దేవుడికీ, ఆ తర్వాత పురిటికి పుట్టింటికొచ్చిన కూతురు మైత్రేయికీ. ఆ తర్వాతివి మిగతావాళ్లకి. అన్నిటికంటే ఆఖరివి పెరట్లో అరటిచెట్టుకి. మర్యాదంటే అదీ!

అల్లుడు దత్తసాయి ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్. భార్యను చూడవచ్చినప్పుడు ఆ గొట్టాన్ని గోటితో గీకి చూసి, కాలేజీలో పరీక్ష చేయించడానికి సీసాలో నీళ్లు పట్టుకెళ్లాడు. మరుసటి వారం మొహం మాడ్చుకుని వచ్చాడు.

“మావయ్యగారూ, నీళ్లల్లో సీసం కలుస్తోందండీ. కడుపులో బిడ్డకి మంచిది కాదు. మెదడు మీద దెబ్బ కొడుతుందండీ.”

“మా తాతగారు జీవితాంతం అవే తాగారండీ. ఆయన మెదడుకేమైంది?”

ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు ఏదో అనబోయారు. ఆఖరి రోజుల్లో ఆ తాతగారు అరటిచెట్టుకి జంధ్యం వేసిన సంగతి ఆవిడ కళ్లారా చూసిందే. కానీ భర్త మొహం చూసి ఊరుకున్నారు.

“పోనీ, కాచి ఇస్తాం,” అన్నారాయన.

“కాస్తే పోదండీ. అసలు రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్లలోనే ఎక్కువుంటుంది. కాసేపు వదిలేశాక వచ్చేవాటిలో తక్కువండీ.”

“అంటే... మొదటి చెంబు?”

“అన్నిటికంటే చెడ్డది అదేనండీ.”

సీతారామాంజనేయులుగారు పెరట్లోకి చూశారు. ఇన్నాళ్లూ ఇంట్లో మంచినీళ్లు తాగింది అరటిచెట్టన్నమాట! మైత్రేయి మెల్లిగా పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి చూసి తండ్రి గుండె తరుక్కుపోయింది.

మధ్యాహ్నానికి ప్లంబర్ బుచ్చిబాబు గునపంతో దిగాడు. సాయంత్రానికి తాతగారి గొట్టం ముక్కలై పెరట్లో పడింది, దాని చోట్లో ప్లాస్టిక్ పైపు వచ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే ఆయన యథాప్రకారం తడిబట్టతో వెళ్లి మొదటి చెంబు పట్టారు. మంత్రం చదివారు. చెంబుడు నీళ్లూ అరటిచెట్టు మొదట్లో పోసి, తర్వాతి నీళ్లు గ్లాసులో కూతురికి తెచ్చారు.

“ఇదెక్కడి ఆచారమండీ, నేనెప్పుడూ చూళ్లేదు?” అన్నారు రాజ్యలక్ష్మిగారు.

“మా తాతగారి నాటిదే.”

మైత్రేయి ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని, నాన్నగారు చూస్తుండగా గడగడా తాగేసింది.