బావ చేతుల వాసన

హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర, మొన్న ఆరున్నర, రెండు సంచుల రక్తం ఎక్కించాక ఎనిమిదిన్నర, పరవాలేదు, పెరుగుతుంది, పెరగాలి, మా ధనుంజయ్ బావకేమో చీకూ చింతా లేదు, ఆసుపత్రి నుంచి తిరుగు బస్సు టెక్కలి దాటకుండానే నా భుజం మీద తలవాల్చి నిద్ర, ఎంత బరువో ఈ తలకాయ, లోపల ఉన్నదంతా కాశీబుగ్గలోని ఆ స్క్రీన్ ప్రింటింగ్ షాపే, ధనుంజయ్ అచ్చు వెయ్యని జీడిపప్పు పెట్టె పలాసలో ఉందా అని గొప్ప, అచ్చు పడ్డాక జాలీ తెరకి అంటిన రంగుని ఆ తీపి వాసన లిక్విడ్‌తో ఉత్త చేతుల్తోనే తుడవడం, గ్లౌజులేసుకో బావా అంటే, గ్లౌజులేత్తే జాలీ సేతికి తెలవదే ఇందూ, ఎల్లెల్లు, అనడం.

మావ కిడ్నీలతోనే పోయాడు కదా, మా ఉద్దానంలో ఇంటింటా ఆ జబ్బే, మనిషి కాస్త నీరసంగా కనిపిస్తే చాలు, క్రియాటినిన్ ఎంతొచ్చింది అని అడుగుతారు, అన్నం తిన్నావా అన్నట్టే, అందుకే బావకి మూడు నెలలకోసారి కిడ్నీ పరీక్ష, ప్రతిసారీ ఒకటి లోపే, కాగితం చూడగానే మా అత్త సన్యాసమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టేది, నేను కోడిపులుసు పెట్టేదాన్ని, తలనొప్పులూ, మెట్టెక్కితే ఆయాసం, మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడటం, అన్నీ ఆ పులుసులో మరిచిపోయేవాళ్లం, కిడ్నీలు బాగున్నాయి కదే, ఇంకేటి బయ్యం అనేవాడు, నిజమే, ఇంకేటి భయం అనుకున్నాను నేనూ, నా బుద్ధి గడ్డి తింది.

ఏం పని చేస్తావు బాబూ అని అడిగిన మొదటి మనిషి ఈ ఆసుపత్రి డాక్టరమ్మే, లిక్విడ్ డబ్బా మీది చీటీ ఫొటో తెప్పించుకుని చదివి, ఇందులో గ్లైకాల్ ఈథర్ ఉంది, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, రక్తం ఊరనివ్వదు, కొందరికి పిల్లలు కలగడానికీ అడ్డమే అని నా వైపు చూసి ఆగింది, నా చెయ్యి మెడలో అత్త కట్టించిన తాయెత్తు మీదకి పోయింది, పిచ్చి అత్త, పిచ్చి నేను, రోజుకెన్నిసార్లు ఆ లిక్విడ్ ముట్టుకుంటావు అని ఆవిడ బావని అడిగితే, అన్నం ముందు కూడా దాంతోనే సేతులు కడుగుతానమ్మా, మా బోరు నీలు కిడ్నీలకి మంచివి కావు కదా, అన్నాడు ఈ మహానుభావుడు, ఎంతో జాగ్రత్తపరుడిలా, అయ్యో నా తెలివైన బావా, తాగడానికి క్యాను నీళ్లు కొని, బోరు నీళ్లకి జడిసి, విషంతో చేతులు కడిగి ముద్ద కలుపుకున్నావా, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, డాక్టరమ్మ ముందే రెండూ చేశాను, ఆవిడ, నెల్లాళ్లు షాపు గడప తొక్కొద్దు, మళ్లీ రక్తం చూస్తాను, దానంతటది పెరిగితే సంతోషం, లేకపోతే విశాఖ పంపించి ఎముకల్లో మూలుగ పరీక్ష చేయించాలి అంది.

జీడిగింజలు వేపుతున్న ఘాటు, పలాస వచ్చేసింది, బావా లే, ఊఁ, రేపు షాపుకెళ్తావా, ఎల్లను, ఒట్టు?, నీ మీదొట్టే, సేతులు నీ దగ్గరే ఉంచుకో కావలిత్తే, అని మళ్లీ కళ్లు మూశాడు, దొంగ, చెయ్యి నా ఒళ్లో పడేసే మూశాడు, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను, పెళ్లయిన కొత్తలో ఆ తీపి వాసన గుమ్మంలోకి రాగానే బావొచ్చేశాడని కంచం పెట్టేసేదాన్ని, పుట్టింటికి వెళ్తూ విప్పిన చొక్కా ఒకటి దొంగతనంగా సంచిలో పెట్టుకునేదాన్ని, రాత్రి మొహం మీద కప్పుకోవడానికి, ఇప్పుడా తీపి లేదు, మూడు రోజుల ఆసుపత్రి సబ్బు, దాని కింద ఏదో, కొంచెం ఉప్పగా, కొంచెం వెచ్చగా, ఎవరిదీ చెయ్యి, కొత్త పెళ్లికూతురిలా సిగ్గేసింది, ఈ ఆరేళ్ల కాపురంలో నేను గుండెలకి హత్తుకున్నది ఆ డబ్బా వాసనని, మా బావ వాసన నాకు ఇవాళే తెలిసింది.