కదలని బంగాళాదుంపలు

ఆమె భర్త మంచివాడే. ఎక్సెల్‌లో ఫార్ములా ఉన్న గడి కనబడితే మాత్రం ఆయన చెయ్యి ఊరుకోదు. క్యారెట్లు పన్నెండు కిలోలని లెక్క చూపిస్తే, "దానికేం తెలుసు, పదిహేను ఉండనీ" అని ఆ గడిలో పదిహేను కొట్టేస్తాడు. లోపలున్న ఫార్ములా గుట్టుచప్పుడు కాకుండా చచ్చిపోతుంది. తినేవాళ్లు వందైనా వెయ్యైనా ఆ పదిహేను ఇక కదలదు. పదహారేళ్ల కాపురంలో ఆమెకున్న కష్టం ఇదొక్కటే అనలేం గానీ, ముందు వరసలో కూర్చునే కష్టం ఇదే.

వాళ్లది క్యాటరింగు. కింద వంటశాల, పైన ఇల్లు. ఒక ఆఫీసుకి రోజూ నూట ఎనభై మందికి మధ్యాహ్న భోజనం పంపుతారు. ఎక్సెల్ షీటులో పైన మనుషుల సంఖ్య మారిస్తే కింద సరుకులన్నీ వాటంతటవే మారేలా, ఎంత పెరిగిందో తగ్గిందో 'తేడా' అనే వరసలో కనబడేలా ఆమే కట్టింది. భర్త చేతి దురద పట్టుకోవాలని మొన్న సోమవారం ఇంకో వరస చేర్చింది. ఫార్ములా పోయి ఉత్త అంకె మిగిలితే ఆ గడి పక్కన ఎర్రగా 'ఎవరి చెయ్యి?' అని వస్తుంది.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోను. రేపు అతిథులొస్తున్నారు, వాళ్లతో కలిపి మొత్తం రెండు వందల అరవై మంది. ఈ భోజనం బాగా జరిగితే వాళ్ల రెండో ఆఫీసు కూడా వీళ్లకే. ఆమె 260 కొట్టి, కింద ఏం మారిందో చూడకుండానే సరుకుల పట్టీ వంటమేస్త్రి ఫోనుకి పంపేసింది.

పొద్దున ఏడింటికి మేస్త్రి మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మా, బియ్యం పెరిగాయి, బీన్సు పెరిగాయి. బంగాళాదుంపలు మాత్రం రోజూ ఉండే నలభై ఐదు కిలోల దగ్గరే చతికిలబడ్డాయేంటి?"

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. తేడా సున్నా. పక్కనే ఎర్రగా 'ఎవరి చెయ్యి?' ఆమెకు దిగులు కన్నా ముందు సంబరం వచ్చింది.

"ఏమండీ! ఒకసారిలా రండి. వస్తూ వస్తూ ఆ చెయ్యి కూడా తెచ్చుకోండి."

గడ్డానికి సబ్బునురగతోనే భర్త వచ్చాడు. "ఈ వారం నేను దాని జోలికే పోలేదోయ్."

"అంటే దుంపలే లేచొచ్చి కొట్టుకున్నాయంటారు!"

అత్తగారు వెల్లుల్లి వలుస్తూ అందుకుంది. "చిన్నప్పుడూ ఇంతేనే అమ్మాయ్. గిన్నెలో పాలుండవు, మూతి మీద మీగడుంటుంది, అడిగితే నేను కాదనేవాడు."

"అమ్మా, అది నలభై ఏళ్ల కిందటి కేసు!"

"తీర్పింకా రాలేదు కదరా."

మేస్త్రి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. భర్త మొహం కడుక్కుని బండి తాళాలు తీసుకున్నాడు. "సరే, నేనే అయ్యుంటాను. ఇరవై కిలోలేగా తక్కువ, మార్కెట్టుకెళ్లి తెస్తా. తొమ్మిదిన్నరకి పొయ్యి ఎక్కకపోతే రెండో ఆఫీసు మాట మర్చిపోవాల్సిందే." గడప దగ్గర ఆగి, "అయినా ఆ ఎర్ర అక్షరాలు భలే పెట్టావు. పనిచేస్తుందో లేదో ఎలా చూసుకున్నావ్?" అని అడిగి, జవాబుకి ఆగకుండా దిగిపోయాడు. అది మెచ్చుకోలే, అందులో ఎత్తిపొడుపేం లేదు.

ఆమె మళ్లీ ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. ఎలా చూసుకుంది? సోమవారం దుంపల గడిలో తనే చేత్తో నలభై ఐదు కొట్టి చూసింది. ఎరుపు వచ్చింది. ఆ ఆనందంలో అత్తగారికి చూపించి, ల్యాప్‌టాప్ మూసేసింది. నూట ఎనభై మందికి నలభై ఐదే సరైన లెక్క కాబట్టి ఈ మూడు రోజులూ బయటపడలేదు.

మెల్లగా ఫార్ములా తిరిగి పెట్టింది. నలభై ఐదు అరవై ఐదైంది. ఎరుపు మాయమైంది. ఇక సాక్ష్యం లేదు, ముద్దాయి ఒప్పుకున్నాడు కూడాను.

ఎనిమిదిన్నరకి భర్త బస్తా భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. వంటశాలలో అందరూ తలో కత్తీ పట్టారు, ఆమె కూడా. తొమ్మిదీ ఇరవైకి ఆఖరి ముక్కలు బాణలిలో పడ్డాయి.

"చూశావురా, చెయ్యి ఊరుకోకపోతే ఇంతమందికి ఎంత చాకిరీనో!" అంది అత్తగారు.

"నిజమేలే అమ్మా" అన్నాడు భర్త, నడుం పట్టుకుని.

ఆమె కత్తి కింద పెట్టింది. "ఆయన కాదత్తయ్యా. ఆ గడిలో కొట్టింది నేను."

"ఏంటోయ్? పొయ్యి హోరులో వినబడలేదు" అన్నాడు భర్త, పొయ్యికి దూరంగా జరుగుతూ. మేస్త్రి పొయ్యి మంట కాస్త తగ్గించాడు.

"తప్పు నాదే అంటున్నా!" అంది ఆమె, వంటశాలంతా వినబడేలా.