పెద్దమ్మ వింటుంది

బ్రేకు మీద కాలు పడగానే కారు ఎడమకు దూకింది. గ్యారేజీ గుమ్మం పక్కన పేర్చిన పాత టైర్ల గుట్టకు జానెడు దూరంలో ఆగింది. కింద ఎక్కడో ‘టక్’ మంది.

లోపలున్న ఐదుగురూ కుడివైపుకు ఒరిగిపోయి ఉన్నారు. ఒక్కరి మొహంలోనూ కంగారు లేదు. వాళ్ళింట్లో కారు ఆగడమంటే అదే.

డ్రైవింగ్ సీట్లోంచి ఆ ఇంటి కోడలు దిగింది. ఆమె వెనకే భర్త, అత్తగారు, మామగారు, మరిది దిగారు. మెకానిక్ టీ గ్లాసుతో బయటికొచ్చాడు. బట్టతల, గుబురు మీసం, ఎవర్ని చూసినా నేరస్థుణ్ని చూసినట్టు చూసే కళ్ళు.

“ఏంటి ప్రాబ్లం?”

“ఏం లేదండీ. బ్రహ్మాండంగా ఉంది!” అన్నారు ఐదుగురూ ఒక్క గొంతుతో.

మెకానిక్ టైర్ల గుట్టను చూశాడు. కారును చూశాడు. “మరి నాతో టీ తాగడానికొచ్చారా?”

మామగారు అతని మోచెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి లాక్కెళ్ళారు. మిగతా నలుగురూ పిల్లుల్లా వెంట నడిచారు.

“పెద్దమ్మ ముందు ఆ మాట ఎత్తకూడదు,” అన్నారాయన గుసగుసగా.

“పెద్దమ్మంటే? ఈవిడేనా?” అత్తగారి వైపు చూశాడు మెకానిక్.

“నేనెందుకవుతాను పెద్దమ్మని? కారు!” అత్తగారు కస్సుమన్నారు.

సంగతేమిటంటే, చాలా ఏళ్ళ కిందట ఒక ఎత్తురోడ్డు మీద మామగారు ఆ కారును ‘దరిద్రపు డొక్కు’ అన్నారు. మరుక్షణం ఇంజిన్ ఆగిపోయింది. ఆయన కిందికి దిగి, తువ్వాలుతో బానెట్ తుడిచి, తప్పయిపోయిందని చెప్పి, మళ్ళీ తాళం తిప్పితే లక్షణంగా స్టార్టయింది. వేడెక్కిన ఇంజిన్ కాసేపు చల్లబడితే స్టార్టవుతుందని ఆ సమయంలో ఎవరైనా చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు. చెప్పేవాళ్ళు లేకపోయారు. ఆ రోజునుంచి కారుకు వినపడేలా దాని లోపం గురించి ఎవరూ నోరెత్తకూడదన్నది ఇంటి కట్టుబాటు. కారు నిలబెట్టే చోటిని ఆనుకున్న గది కిటికీ మూయనిదే పెట్రోలు ఖర్చు గురించి కూడా మాట్లాడుకునేవారు కాదు. రాను రాను అదెంత అలవాటైందంటే, దాని సంగతి ఒకరితో ఒకరు చెప్పుకోవడమే మానేశారు.

“ఇవాళ మధ్యాహ్నం నాకు డ్రైవింగ్ టెస్టండీ,” కోడలు గొంతు తగ్గించింది. “ఇప్పటికి మూడుసార్లు ఫెయిలయ్యాను. రెండు గీతల మధ్య తిన్నగా పోయి అడ్డగీత దగ్గర ఆపాలి. బ్రేకు వెయ్యగానే ఈవిడ ఎడమకి వెళ్ళిపోతుంది. బేకరీ వ్యాను నడిపే ఉద్యోగం నా కోసం ఆపి ఉంచారు. ఇవాళ లైసెన్సు రాకపోతే రేపు ఇంకొకర్ని పెట్టేసుకుంటారు.”

“ఇంకో కారులో టెస్టుకి వెళ్ళొచ్చుగా?”

ఐదుగురూ ఉలిక్కిపడ్డారు. “నెమ్మది!” అన్నాడు భర్త. “అది వింటే ఇంకేమైనా ఉందా?”

మెకానిక్ గ్లాసు కింద పెట్టాడు. అతనికిలాంటి కేసు ఎప్పుడూ తగల్లేదు.

ముందు రోడ్డు మీద చూద్దామన్నాడు. ఆమె పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో భర్త, అత్తగారు, మామగారు ఎక్కారు. మరిది వాళ్ళందరి ఒళ్ళో ఎక్కాడు.

ఖాళీ రోడ్డు మీదికి రాగానే మెకానిక్, “స్టీరింగు మీంచి చేతులు తియ్యండి,” అన్నాడు.

“అమ్మో! ఈ కారు నేర్చుకున్నప్పట్నుంచీ నేను చేతులు తియ్యలేదండీ.”

“ఒక్క క్షణం. తను ఎటు పోవాలనుకుంటోందో తననే చెప్పనివ్వండి.”

ఆమె చేతులు తీసింది. కారు ఏమాత్రం మొహమాటం లేకుండా రోడ్డు పక్కన ఉన్న పోస్టుడబ్బా వైపు బయల్దేరింది.

“కుడికి ఒరగండి!” అరిచాడు భర్త. వెనకున్న నలుగురూ ఒరిగారు. కోడలు స్టీరింగు పట్టుకుని గబుక్కున తిప్పింది. పోస్టుడబ్బా బతికింది.

“ఎంత చక్కగా వెళ్తున్నావే తల్లీ!” అన్నారు అత్తగారు, సీటు నిమురుతూ.

గ్యారేజీకి తిరిగొచ్చాక మెకానిక్ అందర్నీ షెడ్డు వెనక్కి పిలిచాడు. “స్టీరింగ్ బాక్సు పోయింది. నా మీసం పందెం!” అని కారు కిందికి దూరాడు. కాసేపటికి అరచేత్తో మీసం కప్పుకుని బయటికొచ్చాడు. బాక్సు నిక్షేపంలా ఉంది.

అప్పుడతనికి పంతం పట్టుకుంది. చక్రాలు పట్టుకుని ఊపాడు. ఒక్కటీ వదులుగా లేదు. టైర్లలో గాలి చూశాడు. ఎడమ ముందు టైరులో తక్కువగా ఉంది. కుడి ముందు టైరులోనూ తక్కువే, కాకపోతే ఎడమదానంత కాదు. జాకీ పెట్టి కారు ఎత్తాడు. టార్చి వేసి ఒక చోట ఆగిపోయాడు. చెయ్యి లోపలికి పెట్టి ఏదో లాగాడు. సీటు కింద వెతికాడు. చక్రం విప్పి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. అతని కళ్ళు చిన్నవయ్యాయి.

“అందరూ వెనక్కి రండి,” అన్నాడు. “ఒక్కరూ ఊరు దాటడానికి వీల్లేదు.”

షెడ్డు వెనక ఐదుగుర్నీ వరసగా నిలబెట్టి వాళ్ళ ముందు అటూ ఇటూ పచార్లు చేశాడు. “ఇది రోగం కాదు. కుట్ర. ఈ కారుకి శత్రువులెవరైనా ఉన్నారా?”

అతను జేబులోంచి నీలం రంగు రబ్బరు ముక్క తీశాడు. “ఎడమవైపు స్ప్రింగులో ఇరికించి ఉంది.”

“నా చెప్పు!” అత్తగారు కెవ్వుమన్నారు. “పక్కింటావిడే ఎత్తుకుపోయిందనుకుని ఇన్నాళ్ళూ దాంతో మాట మానేశాను కదరా భగవంతుడా!”

భర్త నేల చూశాడు. “ఎడమవైపు కిందికి దిగినట్టనిపించిందమ్మా. కాస్త ఎత్తుగా ఉంటుందని పెట్టాను.”

“అమ్మ కాలికింద చెప్పు కోసుకొచ్చి పెద్దమ్మకి తొడుగుతావురా?”

“మీరాగండమ్మా,” అన్నాడు మెకానిక్. చేతిలో పాతకాలపు ఇనప ఇస్త్రీపెట్టె ఉంది. “డ్రైవర్ సీటు కింద ఇదెలా వచ్చింది? బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు జారి ‘టక్’ మంటోంది.”

ఈసారి అత్తగారే నేల చూశారు. “ఎడమకి మొగ్గుతోంది కదా అని కుడివైపు బరువుకి...”

“కుడి టైరులో గాలి తీసిందెవరు?”

“నేనే,” అన్నాడు మరిది. “ఎడమదాంట్లో తక్కువగా కనిపించింది వదినా. రెండూ సమానంగా ఉండాలి కదా అని కుడిదాంట్లో కూడా తీస్తూ వచ్చాను.”

“ఎడమదాంట్లో కొట్టించొచ్చు కదయ్యా!” కోడలు తల పట్టుకుంది.

“బంకుకి తీసుకెళ్ళి గాలి కొట్టిస్తే తనకేదో అయిందని ఆవిడకి తెలిసిపోదూ?”

మెకానిక్ నేరుగా మామగారి దగ్గరికెళ్ళి ఆయన తువ్వాలు అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “కుట్టుమిషన్ నూనె. కుడి చక్రం బ్రేకు ప్యాడ్ల దగ్గరా ఇదే వాసన.”

“అరుస్తోందయ్యా, కీచుమని!” మామగారు తువ్వాలు వెనక్కి లాక్కున్నారు. “ఏం నొప్పో ఏమో, నోరు తెరిచి చెప్పుకోలేదు కదా. పొద్దున్నే ఎవరూ లేవకముందు రెండు చుక్కలు వేసేవాణ్ని. మా ఇంట్లో తలుపులకీ, ఫ్యానుకీ, గొడుక్కీ నూనె వేసేది నేనే.”

మెకానిక్ అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. “బ్రేకుకి నూనె వేశారా? బ్రేకుకా! అది పట్టుకుంటేనేనయ్యా బండి ఆగేది! కుడి చక్రం జారిపోతోంది, ఎడమ చక్రం ఒక్కటే ఆగుతోంది. ఎడమకి దూకక ఏం చేస్తుంది? అసలు మీరందరూ ఇవాళ దాకా బతికి ఎలా ఉన్నారు?”

“పెద్దమ్మ దయ,” అన్నారు మామగారు.

చివరికి మెకానిక్ గుప్పిలి విప్పాడు. అందులో చిన్న మేకు ఉంది. ఎడమ టైరులో దిగి, ఎవరికీ తెలియకుండా గాలి వదులుతూ కూర్చుంది. “అసలు రోగం ఇదొక్కటే. మిగతావన్నీ మీ వైద్యం.”

అతను పంక్చరు వేశాడు. చక్రాలు కడిగి, రెండు వైపులా కొత్త ప్యాడ్లు బిగించాడు. గాలి నింపాడు. చెప్పుముక్కను అత్తగారికి, ఇస్త్రీపెట్టెను మరిదికి అప్పగించాడు. కారును తనే రోడ్డు మీదికి తీసుకెళ్ళి, చేతులు వదిలేసి, గీత గీసినట్టు తిన్నగా వెళ్ళొచ్చాడు. వస్తూ మీసం దువ్వుకున్నాడు.

“ఇంక చూస్కోండి.”

కోడలు ఎక్కింది. ఇంటిల్లిపాదీ ఎక్కారు. కారు పది గజాలు పోకముందే కుడికి తిరిగి గ్యారేజీ వాళ్ళ చెత్తడబ్బాను గుద్దింది. లోపల ఐదుగురూ కుడికి ఒరిగి ఉన్నారు.

మెకానిక్ నెమ్మదిగా నడిచొచ్చి కిటికీలోంచి వంగాడు. “కారు బాగుందమ్మా. ఇప్పుడు మీరే సరిగ్గా లేరు.”

ఆమె తన చేతుల వంక చూసుకుంది. అవి తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగును కుడికి తిప్పి బిగించి పట్టుకుని ఉన్నాయి. నేర్చుకున్ననాటినుంచి ఆ చేతులకు తెలిసిన ‘తిన్నగా’ అదే.

“పోనీ చెప్పు మళ్ళీ పెట్టేద్దామా?” అన్నాడు భర్త.

“మేకు కూడా నా జేబులోనే ఉంది,” అన్నాడు మెకానిక్. “నూనె మాత్రం చచ్చినా వెయ్యను.”

“వద్దు. టైమైపోతోంది,” అంది కోడలు, రివర్సు గేరు వేస్తూ.

టెస్టు మైదానంలో పరీక్షాధికారిని అందరూ ‘సున్నా’ అంటారు. ఆయన వేసే మార్కు అదే. ఆయన ఆమె పక్కన కూర్చోగానే తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. మూడుసార్లు ఈ కారెక్కిన అనుభవం మరి.

కారు కదిలింది. గీతల మధ్య నాలుగు గజాలు పోయిందో లేదో ఆమె చేతులు వాటంతట అవే కుడికి వెళ్ళాయి. ముందు చక్రం తెల్లగీత వైపు జరిగింది. బెత్తెడు దూరం. నాలుగు వేళ్ళు. రెండు వేళ్ళు. ‘సున్నా’ ఒక చెయ్యి పిడి మీంచి తీసి ఈల నోట్లో పెట్టుకున్నాడు.

తను ఎటు పోవాలనుకుంటోందో తననే చెప్పనివ్వండి.

ఆమె బిగించిన పిడికిళ్ళు విప్పేసింది. వేలికొసలు మాత్రం స్టీరింగుకు ఆనించి ఉంచింది. అది తనంతట తనే వెనక్కి తిరిగింది. కారు గీతకు దూరంగా జరిగి తిన్నగా పోతోంది. అడ్డగీత దగ్గరపడింది. పళ్ళు బిగబట్టి బ్రేకు నొక్కింది. ఎడమ దూకుడు కోసం ఒళ్ళంతా ఎదురుచూసింది.

ఏమీ దూకలేదు. ‘టక్’ మనలేదు. కారు సరిగ్గా గీత దగ్గర నిలబడింది.

‘సున్నా’ నోట్లోంచి ఈల జారి ఒళ్ళో పడింది. ఆయన చాలాసేపు పిడిని చూసి, రెండో చెయ్యి కూడా తీశాడు. తర్వాత కిటికీ బయటికి చూశాడు. కంచె అవతల నలుగురు మనుషులు వరసగా నిలబడి, ఊపిరి బిగబట్టి, కుడికి ఒరిగి ఉన్నారు.

“వాళ్ళెవరు?”

“మా ఇంట్లోవాళ్ళండీ.”

“ఎందుకలా వంగారు?”

“సాయం చేస్తున్నారండీ.”

ఆయన పాసని రాసి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బేకరీ ఓనరు లైసెన్సు చూసి, వ్యాను తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. వీధి చుట్టూ ఒకసారి తిప్పి తీసుకురమ్మన్నాడు. ఆమె వేలికొసలతో నడిపింది. మలుపు దగ్గర బ్రేకు వేసింది. వ్యాను కుడికి దూకింది. వెనక రొట్టెల ట్రేలన్నీ ఒక మూలకు చేరాయి.

తిరిగొచ్చి వ్యాను ముందే నిలబడి, ఆ ఇంటి కోడలిగా వచ్చిన తర్వాత మొట్టమొదటిసారి, గొంతెత్తి చెప్పింది. “అయ్యగారూ, మీ వ్యాను బ్రేకు బాగాలేదండీ. కుడికి లాగేస్తోంది. చూపించాలి.”

ఓనరు మొహం మైదాపిండిలా పాలిపోయింది. వ్యాను వైపు భయంభయంగా చూసి, ఆమె మోచెయ్యి పట్టుకుని పొయ్యిగది వెనక్కి లాక్కెళ్ళాడు.

“నెమ్మదిగా మాట్లాడమ్మా,” అన్నాడు గుసగుసగా. “బాబాయి వింటాడు.”

ఆమె ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. కళ్ళు చిన్నవి చేసింది.

“మీ ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఎవరి దగ్గరుంటుందండీ?”