వేర్లతో తీసిన గడ్డి

పెనుకొండలో రాజుల కాలంనాటి మహలును బాగుచేసి, ముందర తోట వేశారు. అక్కడ సూపర్‌వైజరుగా ఉన్న వనిత, వేరుశనగ ఎండిపోయి వలసకు సిద్ధమైన తమ ఊరి ఎర్రిస్వామికి తోటపని ఇప్పించింది.

రెండో రోజు పొద్దున ఆమె వచ్చేసరికి మెట్ల ముందు పచ్చిక సగం లేదు. ఎర్రిస్వామి వంగి మిగతాది పీకుతున్నాడు.

"ఏం చేస్తాండావు మామా?"

"కలుపు పాపా. పూలచెట్ల బలమంతా ఇదే తింటాండాది."

"అది కలుపు గాదు మామా. లారీలో తెప్పించి నాటిన గడ్డి."

వేళాకోళమేమోనని ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "గడ్డిని ఎవురన్నా నాటుకుంటారా?"

"పదకొండుకు ఇంజనీరు వస్తాడు. చూస్తే నిన్ను పనిలో ఉండనీడు. తీసిందంతా యాడేసినావు?"

"గొర్రెలకని మోపు కట్టినా."

వనిత గబగబా మోపు విప్పింది. ఏ దుబ్బు చూసినా వేర్లు తెగలేదు, మన్ను కూడా అంటుకునే ఉంది.

"వేరు మిగిలితే మళ్లా మొలుస్తాది గదా," అన్నాడాయన తప్పు చేసినవాడిలా. "అందుకే నిదానంగా తీసినా."

ఆమె చున్నీ నడుముకు బిగించి నేలమీద కూర్చుంది. ఇద్దరూ కలిసి ఒక్కో దుబ్బూ నాటుకుంటూ పోయారు.

ఇంజనీరు వచ్చేసరికి ఇంకా రెండు వరుసలు మిగిలాయి. వనిత జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన నాటిన దుబ్బునొకదాన్ని మెల్లగా లాగి చూశాడు. అది ఊడి రాలేదు.

"ఎండకుండా చూసుకో పెద్దాయనా," అని మహల్లోకి వెళ్లిపోయాడు.

ఎర్రిస్వామి పైపు అందుకున్నాడు. "గడ్డికి నీళ్లు పడతాండానంటే మా ఇంటిది నమ్మదు పాపా. నువ్వే వచ్చి చెప్పల్ల."