పక్క సీటు

విల్ఫ్ ట్రోమన్స్ సమ్మెట ఎత్తి పాత సియెరా కారు వెనక ఇరుసు మీద మళ్ళీ ఒక్కటి వేశాడు. తుప్పు పెచ్చులుగా రాలి కనుబొమల మీద పడింది గానీ బోల్టు కదల్లేదు. దాన్ని పుట్టించినవాణ్ణి కూడా కలిపి తిట్టి ఇంకొకటి వేశాడు. బోల్టు తల తెగి గరాజు రేకు తలుపుకు ఠంగున తగిలింది. ఇంగ్లండులోని ఆ క్రాడ్లీ హీత్ ఊళ్ళో అలాంటి మోతకి ఎవరూ కిటికీ తెరిచి చూడరు. ఇనుము కొట్టకపోతేనే అక్కడ వింత.

గొలుసుల ఫ్యాక్టరీలో సమ్మెట పట్టి పట్టి అతని కుడి భుజం కిందికి జారిపోయింది. ఏ చొక్కా తొడిగినా ఒక పక్కకి వేలాడేది. నలుగురిలో నిలబడితే ఎవరూ రెండోసారి చూడని మొహం. జీవితమంతా బస్సులోనే తిరిగాడు, లైసెన్సు కూడా లేదు. అలాంటివాడు సొంతంగా కారు కడుతున్నాడంటే పబ్బులో నవ్వనివాడు పాపాత్ముడు. విల్ఫ్ పట్టించుకోలేదు. పాత మంచాల గొట్టాలు అతికి చట్రం చేశాడు. పాడుబడిన కారవాన్ రేకులు ఊడదీసి దానికి ఒళ్ళు తొడిగాడు. ఇంజను, గేర్లు, స్టీరింగు సియెరావే. విప్పే పాత బండిని ఈ పని చేసేవాళ్ళు దాత అంటారు. ఈ దాత మాత్రం బతికుండగా ఒక్కరికీ మేలు చేసిన పాపాన పోలేదు.

సియెరా అతని కూతురు లినెట్‌ది. కొన్నది ఆమె, తిప్పింది మొగుడు డీన్. ఎదురు మాట్లాడిందని ఓసారి ఆమె చేతిని ఆ కారు తలుపులోనే పెట్టి మూశాడు. పోయిన చలికాలం వాడు తాగి పడి ఉండగా కారు తాళం తీసుకుని, ముందు పళ్ళు లేని నోటితో ఆమె పుట్టింటికి వచ్చేసింది. ఆ కారుని చూస్తే ఆమెకి వణుకు. ఇంటి ముందు వదిలేస్తే వాడొచ్చి పట్టుకుపోతాడు. అందుకే దాన్ని ముక్కలు చేసి, కూతురు భయం లేకుండా నడిపే బండిగా మార్చాలని విల్ఫ్ పట్టుపట్టాడు. పెడళ్ళు కూడా ఆమె కాలి పొడవుకే బిగించాడు.

మధ్యాహ్నం డీన్ వచ్చాడు. తలుపుని కాలితో తన్ని లోపలికొచ్చాడు.

"నా కారేది, ముసలోడా?"

"అదుగో. ఏ ముక్క కావాలి నీకు?"

డీన్ నవ్వాడు. నవ్వుతూనే గుద్దాడు. విల్ఫ్ వెనక్కి తూలి బెంచీ మీద పడ్డాడు. బెంచీకి బిగించిన ఇనుము పట్టే వైస్ పిడి పక్కటెముకల కింద దిగింది. కింద పడ్డవాణ్ణి డీన్ బూటుతో అక్కడే తన్నాడు, మళ్ళీ తన్నాడు. తర్వాత తీరిగ్గా సియెరా తలుపు కమ్మీ మీద చెయ్యి వేసి ఆనుకున్నాడు.

"లినెట్‌ని పిలువు. ఇంటికి తీసుకుపోతా."

కుక్క కాటుకి చెప్పు దెబ్బ అంటారు. విల్ఫ్ చేతికి చెప్పు అందలేదు, సమ్మెట అందింది. లేచిందీ, ఎత్తిందీ, దించిందీ ఒకే ఊపు. డీన్ వేళ్ళు కమ్మీకి అతుక్కుని నలిగిపోయాయి. ఎముకలు విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"ఆ చేత్తోనేగా తలుపు మూశావు," అన్నాడు విల్ఫ్.

డీన్ చెయ్యి పొట్టకి అదుముకుని ఊళపెడుతూ వీధిలోకి పరిగెత్తాడు. విల్ఫ్‌కి సంతోషం వేసింది. అంత సంతోషం వేసినందుకు సిగ్గూ వేసింది.

వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన లినెట్ అతని చొక్కా మీద నెత్తురు చూసి ఆసుపత్రికి పోదామంది. అది డీన్ నెత్తురేనని చెప్పి టీ పెట్టమన్నాడు. సాయంత్రం సీటు పోయాలి, ఇవాళ తనది, రేపు ఆమెది. రెండు ద్రావకాలు కలిపి చెత్త సంచిలో పోస్తే నురుగు వేడిగా పొంగుతుంది. దాని మీద కూర్చుని కదలకుండా ఉంటే ఒంటి ఆకారానికే సీటు గట్టిపడుతుంది. కదిలామా, ద్రావకం దండగ.

అతను పక్క సీటు చోట, సంచి మీద కూర్చున్నాడు. లినెట్ పక్కన దిండు వేసుకుని స్టీరింగు పట్టుకుంది. ఇలాంటి బండి కట్టిన ప్రతివాళ్ళూ చేసేదే ఆమె కూడా చేసింది, నోటితో ఇంజను మోత పెట్టింది. పళ్ళ సందులోంచి గాలి తుస్సుమంది. ఆమె ఇంటికొచ్చాక ఆడిన మొదటి ఆట అది.

"నవ్వించకే, సీటు పాడవుద్ది," అన్నాడు విల్ఫ్. అతని పెదాలు తెల్లబడ్డాయి.

"పక్కన కూర్చుని నా డ్రైవింగుకి వంకలు పెడతావు కదూ? నీకు లైసెన్సే లేదు నాన్నా."

"అందుకేగా పక్కన కూర్చునేది."

నొప్పిగా ఉందా అని అడిగింది. నురుగు వేడిగా ఉందన్నాడు. ముందు బార్మత్‌లో సముద్రం దగ్గరికి పోదామంది. ఊఁ అన్నాడు. దారిలో చేపలూ చిప్సూ తిందామంది. ఈసారి పలకలేదు. సీటు కోసం బిగబట్టుకున్నాడనుకుని ఆమె మలుపులన్నీ నోటితోనే తిప్పుకుంటూ బార్మత్ దాకా పోయింది. తర్వాత సంచి నొక్కి చూసింది.

"గట్టిపడింది నాన్నా. ఇంక లే."

విరిగిన పక్కటెముక లోపల గుచ్చుకుని, నెత్తురంతా కడుపులోకి కారి ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. డీన్‌ని కట్టు కట్టిన చేత్తోనే పోలీసులు పట్టుకుపోయారు.

మరుసటి వేసవిలో, పూర్తయిన ఆ బండిలో లినెట్ ఒక్కతే బార్మత్ వెళ్ళింది. ఆ తర్వాత ఆమె పక్కన ఎవరు కూర్చున్నా ఒక వైపుకి ఒరిగిపోతారు, మంచి సీటు వేయించమని అందరూ అంటారు. ఆ నురుగు సీటులో కుడి భుజం గుంట, ఎడమ దానికంటే బాగా కిందికి, ఇప్పటికీ అలాగే ఉంది.