పది నిమిషాల కిందటి సుడిగాలి

సుడిగాలి వస్తోందంటే బుద్ధున్నవాడు ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకుంటాడు. ఉరుము మాత్రం కెమెరా భుజాన వేసుకుని దానికి ఎదురెళతాడు. ఆ పేరు అతని అరుపులు భరించలేక, అతని సుడిగాలి లైవ్ షో చూసేవాళ్ళు పెట్టింది. వ్యాను నడిపేది అతని బావ. ఇరవై ఏళ్ళు పాల వ్యాను నడిపిన నిదానస్తుడు. "మా తమ్ముడి పక్కన మీరుంటే నాకు ధైర్యమండీ" అని భార్య బతిమాలితే, కొరివితో తల గోక్కోవడమేనని తెలిసీ ఒప్పుకున్నాడు.

వ్యాను నెత్తిన పళ్ళెమంత యాంటెన్నా ఒకటుంది. గాలికి ఊళ్ళో సెల్ టవర్లన్నీ కూలినా దానికి లెక్కలేదు, ఇంటర్నెట్ నేరుగా ఉపగ్రహం నుంచి దిగుతుంది. రెండేసి నిమిషాలకు కొత్త రాడార్ బొమ్మ వస్తుంది. మేఘం ఎక్కడుంది, ఎటు కదులుతోంది, ఏ రోడ్డున తప్పించుకోవచ్చు, అన్నీ అందులో తెలుస్తాయి.

"ఇది మన ప్రాణాలకు బీమా బావా" అన్నాడు ఉరుము, కొన్న రోజున.

నెల తిరక్కుండానే ఆ బీమా కాస్తా లైవ్ షోకి అంకితమైపోయింది. రాడార్ బొమ్మ వెళ్ళి షోలో ఓ మూల కూర్చుంది. స్టీరింగ్ ముందు తగిలించిన బావ ఫోన్లో కూడా అదే షో పెట్టించాడు ఉరుము. "రాడార్ కనబడుతుంది, పైగా మనకో వ్యూ పెరుగుతుంది."

పోయిన వారం నిమ్మకాయంత వడగండు అద్దం మీద పడ్డప్పుడు బావ నోట ఒక మాట జారింది. లోకమంతా విన్నది. షోకి ప్రకటనలిచ్చే రెయిన్‌కోట్ల కంపెనీవాళ్ళు నొచ్చుకున్నారు. అప్పట్నుంచి బావ నోటికి తాళం వేసుకునే నడుపుతున్నాడు.

ఆ మధ్యాహ్నం నాలుగు రోడ్ల కూడలిలో బావ అలవాటు ప్రకారం ఆగి, ఫోన్లో రాడార్ చూసి పైకి చెప్పాడు. "పడమట చాలా దూరంలో ఉంది, ఉత్తరానికి పోతోంది. తిన్నగా వెళ్ళొచ్చు."

వెళ్ళాడు. రెండు నిమిషాల్లో ఆకాశం పచ్చబడింది. చెవులు దిబ్బడేశాయి. ఎవరింటి రేకో రోడ్డుకు అడ్డంగా ఎగిరిపోయింది. ఫోన్లో మాత్రం సుడిగాలి ఇంకా పడమటే తాపీగా ఉంది. ముందద్దంలోంచి కనబడేదానికన్నా ఫోన్లో కనబడేదే నిజమనుకునే రోజులు కదా, బావ ముందుకే పోనిచ్చాడు.

అప్పుడు ఫోన్లో ఒక నీలం చొక్కా మనిషి కనబడ్డాడు. పెట్రోలు బంకులో నిలబడి ట్యాంకు మూత బిగిస్తున్నాడు.

"ఒరేయ్, వీడెవడు?"

"నువ్వే బావా."

"నేనిక్కడుంటే అక్కడ మూత బిగించేదెవడ్రా!"

ఉరుము నసిగాడు. "అంటే... నువ్వేమైనా అంటే కోసెయ్యడానికి వీలుగా ఉంటుందని... లైవ్ పది నిమిషాలు ఆలస్యంగా పంపుతున్నా."

పది నిమిషాలు నిలవుంచిన సరుకును లైవ్ అని అమ్మడం ఉరుముకే చెల్లింది. వారం నుంచి బిగబట్టిన బావ నోరు తెరుచుకుంది. అప్పుడొచ్చిన మాట ముందు పాతది దీవెనలాంటిది. అంటూనే బ్రేకు తొక్కాడు.

ఉరుము రాడార్‌ను నేరుగా తెరిచాడు. పాపం యాంటెన్నా, అడగాలే గానీ క్షణంలో తాజా బొమ్మ దించింది. సుడిగాలి దారి మార్చుకుని ఎదురుగా ఇదే రోడ్డున వస్తోంది. దక్షిణాన ఒక్క మట్టిరోడ్డు ఖాళీగా ఉంది. బావ బండిని అడ్డంగా తిప్పి అందులోకి దూకించాడు. వెనకద్దం భళ్ళున పగిలింది. బావ తిరిగి చూడలేదు. ఎనిమిది నిమిషాలు తొక్కి తొక్కి ఎండ కనబడ్డాక ఓ కాలవ గట్టున ఆపాడు.

ఆపగానే ఫోను మోగింది. భార్య.

"ఏవండీ! బండి తిప్పండి! అదిగో, ఎదురుగానే ఉంది!"

"తిప్పేశానే. కాలవ గట్టున ఉన్నాం, ఎండ కాస్తోంది."

"అబద్ధాలు చెప్పకండి! టీవీలో చూస్తూనే ఉన్నాగా, ఇంకా ముందుకే పోతున్నారు! మీకు దణ్ణం పెడతాను, తిప్పండి!"

బతికున్నానని బావ తన నోటితో చెప్పినా నమ్మడం లేదు మనిషి. వెనక సీట్లో ఉరుము చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ మాట దగ్గర్నుంచి రెండు నిమిషాలు కోసి అక్కడ రెయిన్‌కోటు ప్రకటన అతికిస్తున్నాడు.

బండి తిప్పడం కూడా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. అది కోస్తే, ఇంట్లో ఆ తెర మీద తను ఎప్పటికీ తిప్పడు. బావ ఉరుము చెయ్యి పట్టుకున్నాడు.

"కొయ్యకు."

"బావా, పచ్చి బూతు! లోకమంతా వింటుంది!"

"విననీ. మీ అక్క చూడాలి."

ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. నిమిషం తర్వాత, ఇంట్లో టీవీలోంచి, తన నోటి మాటే స్పష్టంగా వినబడింది. ఆ వెంటనే బ్రేకు చప్పుడు, టైర్ల కీచు, అద్దం భళ్ళుమనడం.

"తిప్పారు," అంది ఆమె. అంటూనే భోరుమంది. బావ కళ్ళు కూడా తడిశాయి.

చాలాసేపటికి ఆమె ముక్కు చీదుకుంది.

"ఫోను వాడికివ్వండి. మీరు తిట్టింది చాల్లేదు."